క్షారామ్ల సమాగమం

పాఠ్యభాగ ఉద్దేశం

శాస్త్రవిషయాలను తెలుగులో సుబోధకంగా చెప్పుకోవచ్చునని తెలియజేయడం, క్షారలోహ హైడ్రాక్సైడ్ల స్వభావాన్నీ, అవి ఆమ్లాలతో జరిపే చర్యలనూ నిత్యజీవితానికి అన్వయించి వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ఎర్రనీళ్లు

పెళ్లయి ఇంటికి వచ్చిన వధూవరులను గడప ముందు నిలిపి, ముత్తయిదువలు ఎర్రనీళ్లతో దిష్టి తీయడం తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ నీళ్లలో కలిపేది కుంకుమ కాదు. పళ్లెంలో నీళ్లు పోసి, చిటికెడు పసుపు కలిపి, అందులో కొద్దిగా సున్నం వేస్తారు. అంతవరకు పసుపుపచ్చగా ఉన్న నీరు చూస్తుండగానే ఎర్రబారుతుంది. వధువు పాదాలకు దిద్దే పారాణి రంగు వెనుక ఉన్నదీ ఈ పసుపు సున్నాల కలయికే.

ఆ ఎర్రనీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి. ఎరుపు పోయి తిరిగి పసుపు రంగు వస్తుంది. మళ్లీ సున్నం వేస్తే మళ్లీ ఎరుపు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం ఆమ్లంలోనూ తటస్థ ద్రావణంలోనూ పసుపు రంగులో ఉండి, క్షారంలో ఎర్రబారడమే ఇందుకు కారణం. ఇటువంటి పదార్థాలను రసాయన శాస్త్రంలో 'సూచికలు' అంటారు. ప్రయోగశాలలో లిట్మస్, ఫినాఫ్తలీన్ చేసే పనినే మన ఇళ్లలో పసుపు చేస్తున్నది.

ఈ చిన్న ప్రయోగంలో ఒక పెద్ద విషయం దాగి ఉంది. సున్నం నోటిని పొక్కిస్తుంది. నిమ్మరసం పళ్లను పులియబెడుతుంది. కాని ఆ రెండూ తగిన పాళ్లలో కలిసినప్పుడు రెండింటి తీక్ష్ణతా పోతుంది. ఈ సమాగమాన్ని పూర్తిగా అర్థం చేసుకోవాలంటే సున్నం కంటె బలమైన క్షారాల దగ్గరకు వెళ్లాలి. అవే క్షారలోహ హైడ్రాక్సైడ్లు.

మాటల వెనుక బూడిద

సంస్కృతంలో 'క్షార' శబ్దానికి క్షరింపజేసేది, అనగా కరిగించి జారిపోయేటట్లు చేసేది అని వ్యుత్పత్తి చెబుతారు. అరబ్బీ నుంచి ఐరోపా భాషలలోకి వెళ్లిన 'ఆల్కలీ' అనే మాటకు మూలార్థం మొక్కలను కాల్చగా వచ్చిన బూడిద. 'పొటాష్' అంటే కుండ బూడిద. బూడిదను నీటిలో కలిపి, ఆ తేటను కుండలలో మరిగించి తీసిన పదార్థానికి ఆ పేరు వచ్చింది. దేశాలు వేరైనా, భాషలు వేరైనా, మానవుడు క్షారాన్ని మొదట చూసింది బూడిదలోనే. మన అమ్మమ్మలు జిడ్డు పట్టిన గిన్నెలను బూడిదతో తోమడంలోనూ, చాకళ్లు చవుటి మన్నుతో బట్టలు ఉడకబెట్టడంలోనూ పనిచేసింది ఈ క్షారగుణమే.

ప్రాచీన శస్త్రవైద్య గ్రంథమైన సుశ్రుత సంహితలో, సూత్రస్థానంలోని పదకొండవ అధ్యాయం క్షారాలను తయారుచేసే పద్ధతికి కేటాయించబడింది. అందులో క్షారాలను మృదువు, మధ్యమం, తీక్ష్ణం అని మూడు విధాలుగా విభజించారు. మొక్కల బూడిదను నీటిలో కలిపి వడగట్టి మరిగిస్తే మృదుక్షారం వస్తుంది. అదే తేటలో ఎర్రగా కాల్చిన శంఖాలను, గుల్లలను చేర్చి మరిగిస్తే అంతకంటె బలమైన క్షారం వస్తుంది. దీనిలోని రహస్యాన్ని నేటి రసాయన శాస్త్రం ఇలా విప్పి చెబుతుంది: బూడిద తేటలో ఉండేది పొటాషియం కార్బోనేట్. కాల్చిన గుల్లల నుంచి వచ్చేది సున్నం. అవి రెండూ చర్య జరిపితే పొటాషియం హైడ్రాక్సైడ్ ఏర్పడి ద్రావణంలో నిలుస్తుంది. కాల్షియం కార్బోనేట్ అడుగుకు చేరుతుంది. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్ 1902లో ప్రచురించిన హిందూ రసాయన శాస్త్ర చరిత్రలో సుశ్రుతుని ఈ పద్ధతిని ప్రత్యేకంగా ప్రస్తావించారు.

క్షారలోహాలు – వాటి హైడ్రాక్సైడ్లు

ఆవర్తన పట్టికలోని మొదటి గ్రూపులో హైడ్రోజన్ తరువాత వచ్చే లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీసియం, ఫ్రాన్షియం అనే ఆరు మూలకాలు క్షారలోహాలు. వీటిలో ఫ్రాన్షియం రేడియోధార్మిక మూలకం. ప్రకృతిలో అత్యల్పంగా మాత్రమే ఉంటుంది. 1807లో ఇంగ్లండుకు చెందిన హంఫ్రీ డేవీ కరిగిన దాహక పొటాష్ గుండా విద్యుత్తును ప్రసరింపజేసి పొటాషియం లోహాన్ని మొదటిసారిగా వేరుచేశాడు. కొద్దిరోజులకే దాహక సోడా నుంచి సోడియం లోహాన్ని కూడా సాధించాడు. దాహక సోడా అంటే సోడియం హైడ్రాక్సైడ్. బజారులో దీనినే కాస్టిక్ సోడా అంటారు. దాహక పొటాష్ అంటే పొటాషియం హైడ్రాక్సైడ్. 'దాహక' అనే విశేషణం అలంకారం కోసం చేర్చింది కాదు. తాకిన చోట దహించే గుణాన్ని చూసి పెట్టిన పేరు.

నేడు పరిశ్రమలలో ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణం చేసి సోడియం హైడ్రాక్సైడ్‌ను తయారుచేస్తారు. క్లోరిన్, హైడ్రోజన్ వాయువులు కూడా దానితోపాటు లభిస్తాయి. సబ్బు, కాగితం, నూలు పరిశ్రమలకు ఈ క్షారం ప్రాణాధారం. నూనెలోని కొవ్వును సోడియం హైడ్రాక్సైడ్‌తో మరిగిస్తే గట్టి సబ్బు, పొటాషియం హైడ్రాక్సైడ్‌తో మరిగిస్తే మెత్తని సబ్బు తయారవుతాయి. రెండింటిలోనూ గ్లిజరిన్ కూడా వస్తుంది.

ఈ హైడ్రాక్సైడ్లు తెల్లని ఘనపదార్థాలు. సోడియం, పొటాషియం హైడ్రాక్సైడ్ల బిళ్లలను గాలిలో ఉంచితే తేమను పీల్చుకొని కొద్దిసేపటికే చెమ్మగిల్లుతాయి. అంతేకాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును కూడా గ్రహించి నెమ్మదిగా కార్బోనేట్లుగా మారతాయి. అందువల్ల సోడియం హైడ్రాక్సైడ్‌ను తూచి, ఖచ్చితమైన గాఢత గల ద్రావణాన్ని నేరుగా తయారుచేయడం సాధ్యం కాదు. ముందుగా సుమారు గాఢతతో ద్రావణం చేసుకొని, తరువాత ఆక్సాలిక్ ఆమ్లంతో దాని అసలు గాఢతను నిర్ణయించుకోవాలి. ఈ క్షారాల ద్రావణాలు గాజును కూడా నెమ్మదిగా తింటాయి. గాజు బిరడా పెట్టిన సీసాలో నిలవచేస్తే బిరడా పట్టుకుపోతుంది. కనుక వీటికి రబ్బరు బిరడాగానీ, ప్లాస్టిక్ సీసాగానీ వాడతారు. అల్యూమినియం పాత్రలో పోస్తే అది పాత్రను కరిగించి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది.

'బలం' అంటే ఏమిటి?

సోడియం హైడ్రాక్సైడ్ బలమైన క్షారం అంటాము. ఇక్కడ 'బలం' అనే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. లోకవ్యవహారంలో బలవంతుడంటే పట్టిన పట్టు విడవనివాడు. క్షారం విషయంలో దీనికి విరుద్ధం. తనలోని హైడ్రాక్సైడ్ అయాన్‌ను ఎంత సులభంగా విడిచిపెడితే ఆ హైడ్రాక్సైడ్ అంత బలమైన క్షారం.

స్వీడన్ దేశపు శాస్త్రవేత్త స్వాంటే అర్హీనియస్ 1887లో ప్రకటించిన అయనీకరణ సిద్ధాంతం దీనికి పునాది. ఆ కృషికి ఆయన 1903లో నోబెల్ బహుమానం పొందాడు. ఆయన చెప్పినదాని ప్రకారం నీటిలో హైడ్రోజన్ అయాన్‌ను ఇచ్చేది ఆమ్లం, హైడ్రాక్సైడ్ అయాన్‌ను ఇచ్చేది క్షారం. సోడియం హైడ్రాక్సైడ్ నీటిలో కరిగినప్పుడు దాదాపు పూర్తిగా సోడియం అయాన్లుగా, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోతుంది. కనుక అది బలమైన క్షారం.

లిథియం నుంచి సీసియం వరకు పోయేకొద్దీ లోహపు అయాన్ పరిమాణం పెరుగుతుంది. పరిమాణం పెరిగేకొద్దీ హైడ్రాక్సైడ్ అయాన్‌పై దానికుండే ఆకర్షణ తగ్గుతుంది. పట్టు సడలిన కొద్దీ క్షారబలం హెచ్చుతుంది. అందుచేత లిథియం హైడ్రాక్సైడ్ కంటె సోడియం హైడ్రాక్సైడ్, దాని కంటె పొటాషియం హైడ్రాక్సైడ్, ఆపై రుబీడియం, సీసియం హైడ్రాక్సైడ్లు క్రమంగా బలమైన క్షారాలని చెబుతారు. ద్రావణీయతలో కూడా లిథియం వెనుకబడే ఉంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 గ్రాముల నీటిలో లిథియం హైడ్రాక్సైడ్ సుమారు 13 గ్రాములు మాత్రమే కరుగుతుంది. సోడియం హైడ్రాక్సైడ్ 100 గ్రాములకు పైగా కరుగుతుంది.

బలం వేరు, గాఢత వేరు అన్న సంగతిని కూడా విద్యార్థులు గమనించాలి. బకెట్టు నీళ్లలో ఒక బిళ్ల వేసినా సోడియం హైడ్రాక్సైడ్ బలమైన క్షారమే. కాని ఆ ద్రావణం గాఢత తక్కువ. బలం పదార్థపు స్వభావం, గాఢత మనం కలిపిన కొలత.

కలయికలో జరిగేది

సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపితే ఈ చర్య జరుగుతుంది:

సోడియం హైడ్రాక్సైడ్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → సోడియం క్లోరైడ్ + నీరు

దీనికి తటస్థీకరణమని పేరు. సోడియం క్లోరైడ్ అంటే మనం తినే ఉప్పే. కొలతలు చూడండి. 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ 36.5 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్‌తో చర్య జరిపి, 58.5 గ్రాముల ఉప్పును, 18 గ్రాముల నీటిని ఇస్తుంది. అటు 76.5 గ్రాములు, ఇటు 76.5 గ్రాములు. పోయింది ద్రవ్యం కాదు, తీక్ష్ణత మాత్రమే.

నిజానికి ఈ చర్యలో సోడియం అయాన్, క్లోరైడ్ అయాన్ సాక్షులుగా మాత్రమే ఉంటాయి. అసలు చర్య ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్‌కూ, క్షారంలోని హైడ్రాక్సైడ్ అయాన్‌కూ మధ్య జరుగుతుంది. అవి రెండూ కలిసి నీటి అణువు అవుతాయి. దీనికి నిదర్శనం ఉంది. సోడియం హైడ్రాక్సైడ్‌ను హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కలిపినా, పొటాషియం హైడ్రాక్సైడ్‌ను నత్రికామ్లంతో కలిపినా, సజల ద్రావణాలలో ఒక్కొక్క మోల్ నీరు ఏర్పడేటప్పుడు వెలువడే ఉష్ణం దాదాపు ఒక్కటే. అది సుమారు 57 కిలోజౌళ్లు. లోహం మారినా, ఆమ్లం మారినా ఉష్ణం మారడం లేదంటే జరిగే చర్య ఒక్కటేనని అర్థం.

ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లు రెండుంటే క్షారం కూడా రెండు పాళ్లు కావాలి. ఒక మోల్ గంధకికామ్లాన్ని పూర్తిగా తటస్థీకరించడానికి రెండు మోళ్ల సోడియం హైడ్రాక్సైడ్ అవసరం. ఒక్క మోల్‌తో ఆపితే సోడియం హైడ్రోజన్ సల్ఫేట్ ఏర్పడుతుంది. దాని ద్రావణంలో ఆమ్లగుణం ఇంకా మిగిలే ఉంటుంది.

ఈ కొలతను ప్రయోగశాలలో కళ్లారా చూపేది అంశమాపనం. శంఖాకారపు కుప్పెలో 20 మిల్లీలీటర్ల ఆమ్లం తీసుకొని, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ వేసి, బ్యూరెట్టులోంచి 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌ను చుక్కచుక్కగా వదులుతారు. 16 మిల్లీలీటర్ల వద్ద లేత గులాబీరంగు వచ్చి నిలిచిందనుకుందాం. ఆ హైడ్రోక్లోరిక్ ఆమ్లపు గాఢత 0.08 మోలార్ అన్నమాట. చివరిదాకా ఏ రంగూ లేని ద్రావణం ఒక్క చుక్కతో గులాబీరంగుకు మారుతుంది. ఆ ఒక్క చుక్క పి.హెచ్. విలువను సుమారు 7 నుంచి 10 దాకా లేపుతుంది. అంటే హైడ్రాక్సైడ్ అయాన్ల గాఢత సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది. హద్దు దగ్గర నిలబడినప్పుడు ఒక్క చుక్కకు ఎంత విలువ ఉందో దీనివల్ల తెలుస్తుంది.

దుర్బలామ్లం ఎదురైనప్పుడు

సిర్కాలో ఉండే ఎసిటిక్ ఆమ్లం దుర్బలామ్లం. దానిని సోడియం హైడ్రాక్సైడ్‌తో సరిగ్గా సమపాళ్లలో కలిపినా వచ్చే ద్రావణం కొంచెం క్షారగుణంతోనే ఉంటుంది. బలమైన క్షారానికీ, దుర్బలామ్లానికీ పుట్టిన లవణంలో క్షారపక్షమే కొద్దిగా మొగ్గు చూపుతుంది. ఉతుకుడు సోడా, అనగా సోడియం కార్బోనేట్, లవణమైనా నీటిలో క్షారంగా ప్రవర్తించడానికి కారణం ఇదే. కనుక తటస్థీకరణం జరిగిన ప్రతిచోటా పి.హెచ్. 7 ఉంటుందనుకోవడం పొరపాటు.

ప్రాణాలు నిలిపిన క్షారం

మన పెద్దలు కార్బన్ డయాక్సైడ్‌ను 'బొగ్గుపులుసు వాయువు' అన్నారు. ఆ పేరులోని పులుసు అనే మాట అది ఆమ్లగుణం కలదని చెప్పకనే చెబుతున్నది. క్షారలోహ హైడ్రాక్సైడ్లు ఈ వాయువును పీల్చుకొని కార్బోనేటును, నీటిని ఇస్తాయి. ఈ సామాన్యమైన చర్య ఒకసారి ముగ్గురి ప్రాణాలను నిలిపింది.

1970 ఏప్రిల్ 13న, చంద్రుని వైపు ప్రయాణిస్తున్న అమెరికా వ్యోమనౌక అపోలో 13లో ఆక్సిజన్ తొట్టి ఒకటి పేలింది. లోవెల్, స్విగర్ట్, హేజ్ అనే ముగ్గురు వ్యోమగాములు చంద్రునిపై దిగడానికి ఉద్దేశించిన చిన్న నౌకలో తలదాచుకోవలసి వచ్చింది. అది ఇద్దరి కోసం, సుమారు రెండు రోజుల కోసం తయారైనది. ముగ్గురు, నాలుగు రోజులపాటు దానిపై ఆధారపడవలసి వచ్చింది. వారు విడిచే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు ఆ ఇరుకు గదిలో పేరుకోసాగింది. దానిని పీల్చడానికి నౌకలో ఉన్నవి లిథియం హైడ్రాక్సైడ్ నింపిన డబ్బాలు. చిన్న నౌకలోని డబ్బాలు చాలవు. ప్రధాన నౌకలో డబ్బాలు ఉన్నాయి గాని అవి చదరపువి. చిన్న నౌకలోని అమరిక గుండ్రటిది. భూమిపై ఉన్న ఇంజనీర్లు నౌకలో దొరికే ప్లాస్టిక్ సంచులు, అట్టలు, గొట్టాలు, అంటుకునే పట్టీలతో ఆ రెండింటినీ కలిపే ఉపాయం కనిపెట్టి, రేడియోలో ఒక్కొక్క మెట్టూ చదివి వినిపించారు. వ్యోమగాములు అలాగే అమర్చుకున్నారు. వాయువు స్థాయి తగ్గింది. ఏప్రిల్ 17న వారు పసిఫిక్ మహాసముద్రంలో క్షేమంగా దిగారు.

చవకగా దొరికే సోడియం హైడ్రాక్సైడ్‌ను కాక లిథియం హైడ్రాక్సైడ్‌ను ఎందుకు తీసుకువెళ్లారు? సమాధానం మళ్లీ కొలతలోనే ఉంది. 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువును కార్బోనేటుగా మార్చడానికి 48 గ్రాముల లిథియం హైడ్రాక్సైడ్ చాలు. అదే పనికి సోడియం హైడ్రాక్సైడ్ 80 గ్రాములు, పొటాషియం హైడ్రాక్సైడ్ 112 గ్రాములు కావాలి. ప్రతి గ్రాము బరువూ లెక్కకు వచ్చే అంతరిక్ష యాత్రలో, వరుసలో అన్నింటికంటె తక్కువ బలం గల క్షారమే అన్నింటికంటె యోగ్యమైనదైంది.

సుశ్రుతుని సూచన – నేటి జాగ్రత్త

క్షారకర్మ చేసిన తరువాత ఆ చోటును పుల్లని ద్రవ్యాలతో శాంతింపజేయాలని సుశ్రుత సంహిత చెబుతుంది. అంతటితో ఆగక, అగ్నివంటి క్షారం పులుపుతో ఎట్లా శాంతిస్తుందనే ప్రశ్న వేసి, పులుపుతో కలిసినప్పుడు క్షారం తన తీక్ష్ణతను విడిచి మాధుర్యాన్ని పొందుతుందని సమాధానం చెప్పింది. నేటి పరిభాష లేకపోయినా తటస్థీకరణాన్ని గుర్తించిన చూపు అది.

అయితే దీనిని చదివి, కాస్టిక్ సోడా చేతిపై పడినప్పుడు నిమ్మకాయ పిండవచ్చునని ఎవరూ అనుకోరాదు. నేను ఇంటర్మీడియట్ చదివే రోజులలో ఒక సంఘటన జరిగింది. అంశమాపనం చేస్తుండగా మా తోటి విద్యార్థి ముంజేతిపై గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్ ఒలికింది. మొదట అతనికి మంట తెలియలేదు. సబ్బు రాసినట్లు జారుడుగా ఉందని మాత్రమే అన్నాడు. పాఠం కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంతో నేను ఆమ్లపు సీసా అందుకున్నాను. మా అధ్యాపకులు నా చేయి పట్టి ఆపి, అతని ముంజేతిని కొళాయి ధార కింద ఉంచారు. చాలాసేపు అలా ఉంచిన తరువాత, "నీ లెక్క సరైనదే. కాని అతని చేతిపై ఎంత క్షారం ఉందో కొలిచావా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

ఆయన మాటలోని అంతరార్థం ఇది. గాఢమైన క్షారామ్లాలు కలిసినప్పుడు ఉష్ణం ఎక్కువగా వెలువడుతుంది. 1 మోలార్ ద్రావణాలు లీటరు చొప్పున కలిపితే ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీలు పెరుగుతుంది. 5 మోలార్ ద్రావణాలైతే 30 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. కాలిన చర్మం మీద ఆ వేడి మరో గాయమవుతుంది. ఆమ్లం పాలు మించితే అదీ చర్మాన్ని తింటుంది. పైగా క్షారం చర్మంలోని కొవ్వును సబ్బుగా మార్చి, మాంసకృత్తులను కరిగించి లోలోపలికి దిగుతుంది. ఆ జారుడుతనం క్షారం పని మొదలుపెట్టిందనడానికి గుర్తు.

కనుక క్షారం పడిన వెంటనే తడిసిన దుస్తులు తీసివేసి ధారాళంగా నీటితో కడగాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలపాటు ఆపకుండా కడిగి, వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. పొరపాటున మింగితే వాంతి చేయించకూడదు. పైకి వచ్చేటప్పుడు అది గొంతును రెండవసారి కాలుస్తుంది. ద్రావణం తయారుచేసేటప్పుడు నీటిలో బిళ్లలను కొద్దికొద్దిగా వేయాలి గాని, బిళ్లలపై నీరు పోయరాదు. మురుగు గొట్టాలు శుభ్రపరిచే పొడులలో చాలావాటిలో సోడియం హైడ్రాక్సైడ్, మరుగుదొడ్లు కడిగే ద్రవాలలో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటాయి. రెండింటినీ ఒకేచోట పోస్తే సలసల కాగి పైకి చిమ్మవచ్చు. వీటిని తాగునీటి సీసాలలో నిలవచేయడం పసిపిల్లల ప్రాణాలకు ముప్పు.

ముగింపు

బ్యూరెట్టు ముందు నిలబడిన విద్యార్థికి ఎన్ని చుక్కలు వదిలాడో తెలుసు. అపోలో నౌకను సిద్ధం చేసిన ఇంజనీర్లకు ఎన్ని గ్రాముల క్షారం ఎంత వాయువును పీల్చుకుంటుందో తెలుసు. ప్రమాదంలో చిక్కిన మనిషి చర్మం మీద ఏది ఎంత ఉందో ఎవరికీ తెలియదు. కొలత తెలిసినచోట తటస్థీకరణం. కొలత తెలియనిచోట నీరు. క్షారామ్లాల పాఠంలో గుర్తుంచుకోవలసిన మాట ఇది. ఈసారి ఇంట్లో ఎర్రనీళ్లు కలిపేటప్పుడు సున్నం ఎంత వేస్తే రంగు మారుతుందో, నిమ్మరసం ఎన్ని చుక్కలు వేస్తే తిరిగి పసుపు వస్తుందో లెక్కపెట్టి చూడండి. అదే మీ మొదటి అంశమాపనం.

అర్థాలు

వ్యుత్పత్తి = పదం పుట్టిన విధం
తీక్ష్ణత = తీవ్రత, వాడి
దాహకం = కాల్చే గుణం కలది
సమాగమం = కలయిక
మాంసకృత్తులు = ప్రోటీన్లు
అంశమాపనం = తెలిసిన ద్రావణంతో తెలియని ద్రావణపు గాఢతను కొలిచే పద్ధతి

ప్రశ్నలు

1. క్షారలోహ హైడ్రాక్సైడ్ల 'బలం' అంటే ఏమిటి? లిథియం నుంచి సీసియం వరకు అది ఎందుకు పెరుగుతుంది?
2. ఆమ్లాన్నీ, క్షారాన్నీ మార్చినా తటస్థీకరణోష్ణం దాదాపు ఒకటిగానే ఉండడం వల్ల ఏమి తెలుస్తుంది?
3. అపోలో 13 వ్యోమగాములను లిథియం హైడ్రాక్సైడ్ ఎలా కాపాడింది? అంతరిక్ష నౌకకు ఆ క్షారాన్నే ఎందుకు ఎంచుకున్నారు?
4. "కొలత తెలిసినచోట తటస్థీకరణం, కొలత తెలియనిచోట నీరు." ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.